వాడు దాన్ని కరిచాడు

దొరకి ఆరోగ్య బీమా చేయించాలని ఆ కుటుంబం ఏకగ్రీవంగా తీర్మానించింది. తీర్మానాన్ని అయ్యగారు ప్రవేశపెట్టారు. అమ్మగారు బలపరిచారు. దొర సోఫా మీద వెల్లకిలా పడుకుని మౌనంగా ఆమోదించాడు. అదే గదిలో టీ కప్పులు తీస్తున్న వంటావిడకి ఓటు హక్కు లేనందువల్ల ఆమె అభిప్రాయం నమోదు కాలేదు.

దొర ఎవరంటారా? నాలుగు కాళ్ళు, ఒక తోక, రెండు వేలాడే చెవులు. ఆగండి. నోటిదాకా వచ్చిన మాటని అక్కడే మింగేయండి. ఆ ఇంట్లో "కుక్క" అన్న మాట నిషేధం. పార్సిల్ తెచ్చిన మనిషి ఒకతను గేటు దగ్గర నిలబడి "కుక్కని కట్టేయండమ్మా" అన్నందుకు అమ్మగారు మనసు విరిగి ఆ పూట భోజనం మానేశారు. దొర మానలేదు. ఆవిడ వాటా కూడా వాడే తిన్నాడు.

నిషేధం ఆ ఒక్క మాటతో ఆగి ఉంటే బాగుండేది. వ్యాకరణానికీ పాకింది. దొర "వచ్చింది" అనకూడదు, "వచ్చాడు" అనాలి. "అది తిన్నదా?" అనకూడదు, "వాడు తిన్నాడా?" అనాలి. కొత్తలో వంటావిడకి నోరు తిరగలేదు. ఒకరోజు "అది పడుకుందమ్మా" అనేసింది.

అమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఏమే, నీకు మాత్రం పిల్లలు లేరా? కన్నపిల్లల్ని కూడా అది, ఇది అంటావా?"

"మా అమ్మాయిని అదనే అంటానమ్మా."

"ఆడపిల్ల సంగతి వేరు" అన్నారు అమ్మగారు.

మరి వంటావిడని ఆ ఇంట్లో ఏమనేవారు? తెలుగు తెలిసిన మీకు నేను చెప్పాలా? "అది వచ్చిందా? దాన్ని గిన్నెలు తోమమను. దానికి చెప్పు, టీలో పంచదార తగ్గించమని." ఈ విధంగా ఆ ఇంట్లో నాలుగు కాళ్ళున్నవాడు వాడు, రెండు కాళ్ళున్నది అది. భాష ఏమీ అనలేదు. పాపం భాషకి మాత్రం ఎవరు జీతమిస్తున్నారని ఎదురు చెబుతుంది?

దొరకి ఒక చిన్న అలవాటుంది. కరుస్తాడు. ఇంట్లో దాన్ని "ముద్దు చేయడం" అంటారు. కరెంటు మీటరు చూసే మనిషిని పిక్క మీద ముద్దు చేశాడు. వాచ్‌మన్‌ని తొడమీద ముద్దు చేశాడు. పక్కింటి టీచరమ్మని మడమ దగ్గర, చెప్పుతో సహా ముద్దు చేశాడు. కాని వాళ్ళందరూ అలా వచ్చి ఇలా పోయేవాళ్ళు. పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా దొర పళ్ళకి అందుబాటులో ఉండే చేతులు ఆ ఇంట్లో రెండే. అవి వంటావిడవి. ఆ చేతులు ఆడినంతకాలమే ఆమె ఇంట్లో నాలుగు నోళ్ళు ఆడతాయి. అందుకే బీమా అన్న మాట చెవిన పడగానే ఆమెకి కలిగిన సందేహం ఒక్కటే. ఈ దొర ఏదో ఒకరోజు నన్నూ ముద్దు చేస్తాడు. అప్పుడు నా చెయ్యి ఎవరు చూస్తారు?

బీమా ఏజెంటు వచ్చాడు. ఒళ్ళంతా బిగించి టై కట్టుకున్నట్టుండే మనిషి. గుమ్మంలో అడుగు పెడుతూనే "బాబు ఎంత చలాకీగా ఉన్నాడండీ!" అన్నాడు. సగం పాలసీ అక్కడే అమ్ముడుపోయింది.

అతని దగ్గర మూడు ప్లాన్లున్నాయి. ఒకటి "స్నేహం". ఇందులో జబ్బు చేస్తే వైద్యం. అంతే. ఈ ప్లాను పేరు చెబుతున్నప్పుడు ఏజెంటు గొంతు తగ్గించాడు, బీదవాళ్ళ గురించి మాట్లాడుతున్నట్టు. రెండోది "వాత్సల్యం". వైద్యంతోపాటు పళ్ళు, గోళ్ళు, బొచ్చు. మూడోది "సర్వస్వం". ఇక్కడ అతను లేచి నిలబడ్డాడు. ఇందులో ఒంటితోపాటు మనసుకి కూడా రక్షణ ఉంది. ఒంటరితనం, అసూయ, ఇంట్లో కొత్త ఫర్నిచరు వచ్చినప్పుడు కలిగే దిగులు, యజమానులు ఊరెళ్ళినప్పుడు కలిగే వైరాగ్యం, వీటన్నిటికీ ఇంటికే నిపుణుడు వస్తాడు. ఆపరేషన్ అయితే కారు పంపిస్తారు. జరగరానిది జరిగితే సంతాప సభకి హాలు, మైకు, రెండు ఉపన్యాసాలు కంపెనీ ఖర్చే.

"ఉపన్యాసం నేనే చేస్తాను" అన్నారు అయ్యగారు. ఆయన పెద్ద ఆఫీసులో పెద్ద సంతకం పెట్టి రిటైరైన మనిషి. మైకు అంటే ఇప్పటికీ ప్రాణం.

మాట మైకు దాకా వెళ్ళినందుకు అమ్మగారు కొంచెం ఏడ్చి, ఆ తర్వాత అసలు ప్రశ్నలు మొదలుపెట్టారు. వాడు నిద్రలో ఉలిక్కిపడతాడు, పాత జబ్బు కింద తోసేస్తారా? తోసేయరు, కలలు అని రాద్దాం. వాడికి ఉరుములంటే భయం? సున్నిత మనస్తత్వం అని రాద్దాం. వాడు... అప్పుడప్పుడూ... ముద్దు చేస్తాడు? ఏజెంటు ఆ గడిలో "కలుపుగోలుతనం" అని రాసుకున్నాడు. జాతి ఏమిటని అడిగాడు. కులమతాల ప్రస్తావన మనిషికి అవమానమని ప్రతి సభలోనూ బల్లగుద్ది చెప్పే అయ్యగారు ఛాతీ విరుచుకుని, దొర తల్లి తరఫున మూడు తరాలు, తండ్రి తరఫున నాలుగు తరాలు గడగడా అప్పజెప్పారు. మధ్యలో ఎక్కడా కల్తీ లేదని రెండుసార్లు చెప్పారు.

"ఇంకో గొప్ప సదుపాయం సార్" అన్నాడు ఏజెంటు. "మన బాబు ఎవరినైనా ముద్దు చేస్తే, వాళ్ళ వైద్యం కూడా కంపెనీదే. ఆపరేషనైనా సరే. బయటివాళ్ళయితే చాలు. ఇంటి మనుషులకి మాత్రం వర్తించదు."

బిస్కెట్ల ప్లేటు పెడుతున్న వంటావిడ చెయ్యి ఆగింది. "బాబూ, మరి నేను బయటిదాన్నా, ఇంటిదాన్నా?"

ప్లేటు పెట్టి వెళ్ళాల్సిన మనిషి వాక్యం మాట్లాడింది. అయ్యగారు గొంతు సవరించుకున్నారు. మైకు లేకపోయినా ఉన్నంత దూరంలో నోరు పెట్టి మాట్లాడారు.

"ఎంత మాటన్నావు! నిన్ను ఈ ఇంట్లో ఏనాడైనా పరాయిదానిగా చూశామా? అందరి వంటవాళ్ళకీ ఆదివారం సెలవిస్తారు. నీకు ఇచ్చామా? ఎందుకివ్వలేదు? ఇంటి మనిషికి సెలవేమిటి! అందరికీ ఏటా జీతం పెంచుతారు. నీకు పెంచామా? ఇంటి మనిషితో బేరాలేమిటి! ఏజెంటుగారూ, రాసుకోండి. ఈమె మా ఇంటి మనిషి."

ఏజెంటు రాసుకున్నాడు. అమ్మగారు కళ్ళు తుడుచుకున్నారు. వంటావిడకీ గుండె కదిలింది, అబద్ధమెందుకు. ఒక్క క్షణమే. వెంటనే అడిగింది: "అయితే మీ అందరి పేర్లూ ఉన్న ఆ ఆసుపత్రి కార్డులో నా పేరు కూడా ఎక్కిస్తారా బాబూ?"

"అది వేరే. అది కుటుంబ సభ్యులకి" అన్నారు అయ్యగారు. బిస్కెట్ విరుచుకున్నారు.

సర్వస్వం ప్లానే ఖాయమైంది. దొరకి ఫోటోతో సహా కార్డు వచ్చింది. ఫోటోలో వాడు నవ్వుతున్నాడని అమ్మగారు, ఆవలిస్తున్నాడని వాచ్‌మన్ అన్నారు. కార్డుతోపాటు ఒక షరతు కూడా వచ్చింది. రోజూ పళ్ళు తోమించాలి. తోమించకపోతే పళ్ళ వైద్యానికి కంపెనీ పూచీ లేదు. అమ్మగారికి వాసన పడదు. అయ్యగారికి నడుము వంగదు. "అది తోముతుందిలే" అని తేల్చేశారు. ఇంటి మనిషి అయినందుకు వంటావిడకి దక్కిన మొదటి హక్కు అదే.

నాలుగు రోజులు తోమింది. అయిదో రోజు, దొర దవడ పళ్ళ దగ్గర బ్రష్షు పెట్టిందో లేదో, వాడు ముద్దు చేశాడు. కుడి చెయ్యి. మణికట్టు కింద, అరచేతిలోకి దిగేలా.

ఆమె కేకకి ఇల్లంతా పరుగెత్తుకొచ్చింది. అమ్మగారు కింద కూర్చుని దొర నోరు తెరిచి చూశారు. "అయ్యో, పన్ను కదిలిందండీ! దీని చేతిలో ఎముకలు ఎంత గట్టివో చూడండి, పసివాడి పన్ను కదిలిపోయింది!" అయ్యగారు టార్చిలైటు తెచ్చారు. వంటావిడ చీరకొంగు చేతికి చుట్టుకుని, నేల మీద రక్తం తనే తుడిచి, తనే పెద్దాసుపత్రికి వెళ్ళింది.

పెద్దాసుపత్రిలో సూదులు వేశారు, కుట్లు వేశారు. నరం తెగిందన్నారు. ఆపరేషన్ చేయకపోతే రెండు వేళ్ళు ఇక మడత పడవన్నారు. ఎప్పుడు చేస్తారంటే, చేతి డాక్టరు వెళ్ళిపోయాడు, కొత్తాయన వచ్చే ఏడాది వస్తే రావొచ్చు, అప్పుడు రమ్మన్నారు. నెల దాటితే ఆపరేషన్ చేసినా లాభం లేదని కూడా వాళ్ళే చెప్పారు. రెండు మాటలూ ఒకే గొంతుతో చెప్పారు.

వేళ్ళు మడవలేని వంటావిడ! గరిట పట్టలేదు, కత్తి పట్టలేదు. ఆ వీధిలో ఆమెని పనిలో ఎవరు పెట్టుకుంటారు? ఆమె నేరుగా అయ్యగారి దగ్గరికి వచ్చి నిలబడింది.

"బాబూ, కంపెనీకి రాయండి. ఆపరేషన్ చేయిస్తారన్నాడుగా ఆ టై అబ్బాయి."

"అది బయటివాళ్ళకి కదమ్మా. నువ్వు ఇంటి మనిషివి."

"బయటిదాన్ననే రాయండి."

అయ్యగారు గాయపడ్డారు. చేతికి కాదు, మనసుకి. "ఆ మాట నా చేత్తో రాయమంటావా? ఇన్నేళ్ళ బంధాన్ని ఒక్క సంతకంతో తెంపమంటావా? నీ చెయ్యి పోతే పోనీ, నిన్ను పరాయిదాన్ని మాత్రం చేసుకోలేం."

"కార్డు అడిగితే పనిమనిషిని, కరిస్తే ఇంటి మనిషినా బాబూ?"

"చూశావా, చూశావా" అన్నారు అమ్మగారు లోపల్నుంచి. "నెత్తికెక్కించుకుంటే ఇలాగే ఉంటుంది."

అక్కడితో ఈ కథ అయిపోవాలి. లోకంలో ఇలాంటి కథలు అక్కడితోనే అయిపోతాయి. కాని దొర పన్ను ఇంకా కదులుతోంది. దాని కోసం అమ్మగారు కంపెనీకి ఫోన్ చేశారు. అవతల ఒక మంచి గొంతు పలికింది. ఈ సంభాషణ రికార్డవుతోందని, తర్వాత మార్చడానికి వీల్లేదని మర్యాదగా చెప్పి, ఏం జరిగిందో మొదటినుంచి చెప్పమంది. వంటింటి గుమ్మంలో కూర్చుని వంటావిడ అంతా వింది.

"ఏముందండీ, వాడు దాన్ని కరిచాడు."

"ఎవరు మేడమ్?"

"మా వాడండీ. మా అబ్బాయి."

"మీ అబ్బాయి... దాన్ని కరిచాడా?"

"ఊరికే కరవలేదు. అది వాడి నోట్లో చెయ్యి పెట్టింది."

"చెయ్యంటే ముందు కాలు కదా మేడమ్?"

"ఏదో ఒకటి రాసుకోండి. నా గోల నాది."

"కుడిదా, ఎడమదా?"

"కుడిది. అసలు సంగతేంటంటే వాడి పన్ను కదిలి..."

"సారీ మేడమ్, బాబు పళ్ళు మా దగ్గర రావు. మనుషుల విభాగం వేరే. అది ఎలా ఉందో చెప్పండి."

"దానికేం! మూలుగుతూ వంటింటి గుమ్మంలో పడుంది."

"తింటోందా?"

"ఎందుకు తినదు?"

"కరిచిన తర్వాత సూదులు వేయించారా దానికి?"

"అదే వెళ్ళి వేయించుకొచ్చింది."

అవతలి గొంతు మెచ్చుకుంది. "చాలా తెలివైనది మేడమ్. ఎన్నాళ్ళ నుంచి ఉంది మీ దగ్గర?"

"చాలా ఏళ్ళ నుంచి. విశ్వాసంగానే పడుండేది, ఇదిగో, ఈమధ్యే ఎదురు తిరుగుతోంది."

"నొప్పికి మేడమ్. నోరులేనివి కదా. మీ అబ్బాయికి వయసెంత?"

"నాలుగేళ్ళు."

"చిన్నపిల్లాడు, తెలీక చేసుంటాడు. కొట్టకండి. దాని సంగతి మేం చూసుకుంటాం."

టీ కాగే లోపల అయ్యగారి ఫోనుకి సందేశం వచ్చింది. "మీ పెంపుడు జంతువు ముందు కుడికాలి శస్త్రచికిత్స మంజూరైనది. అది త్వరగా కోలుకోవాలని మా ఆకాంక్ష."

అత్యవసర సమావేశం జరిగింది. ఏజెంటుని పిలిపించారు. అతను టై వదులు చేసుకుని విషయం విడమర్చి చెప్పాడు. పొరపాటు దిద్దడం చాలా తేలిక. అదే నంబరుకి ఫోన్ చేసి ఒక్క వాక్యం చెబితే చాలు: "కరిచింది మా కుక్క, కరిపించుకున్నది మా పనిమనిషి."

అమ్మగారు ఫోన్ తీసుకున్నారు. "కరిచింది మా... మా..." దొర తల ఎత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. ఫోన్ చేతిలోంచి జారిపోయింది. "నా నోటితో నా బిడ్డని ఆ మాట అనలేను. పన్ను పోతే పోయింది!"

అయ్యగారు రెండో సగం చెప్పడానికి సిద్ధపడ్డారు. "కరిపించుకున్నది మా పని..." అని ఆగిపోయారు. పనిమనిషి అంటే బయటిది. బయటిదైతే పాలసీలో ఇంటి మనిషని తాను సంతకం పెట్టి చెప్పింది అబద్ధం. పెద్ద సంతకం! ఆయన కూడా ఫోన్ పెట్టేశారు. భార్యకి ప్రేమ అడ్డొచ్చింది, భర్తకి పరువు అడ్డొచ్చింది. లోకంలో నిజం ఇలాగే రెండు ముక్కలై చెరో గొంతులో ఇరుక్కుంటుంది.

అప్పుడు వంటావిడ గుమ్మంలోంచి లేచింది.

"ఎందుకండీ ఇంత బాధ? మంజూరైంది కదా, నేను కుక్కగానే వెళ్తాను. ఇన్నాళ్ళూ మనిషిగా వెళ్ళి చూశాను, ఏం ఒరిగింది?"

మర్నాడు గేటు ముందుకి కారు వచ్చింది. చల్లటి కారు, లోపల మెత్తటి పరుపు, తలుపు తీయడానికి ఒక మనిషి. వాచ్‌మన్ నోరు తెరిచేశాడు.

"ఏమక్కా, కారెక్కుతున్నావు! ఎవరు పంపారు?"

"కుక్క కరిచింది కదా తమ్ముడూ."

"నన్నూ కరిచింది. నాకు రాలేదే కారు?"

"నువ్వు మనిషిలా వెళ్ళుంటావు" అని చెప్పి ఆమె తలుపు వేసుకుంది.

జంతువుల ఆసుపత్రిలో ఆమెని ఎవరూ నిలబెట్టలేదు. కూర్చోబెట్టారు. నీళ్ళిచ్చారు. రిసెప్షన్‌లో అమ్మాయి కార్డు చూసి, ఆమెని చూసి, మళ్ళీ కార్డు చూసి, "కంప్యూటర్లో మంజూరైంది కదా, ఇంక మనకేం" అని నవ్వి, మణికట్టుకి పట్టీ కట్టింది. పట్టీ మీద "దొర" అని ఉంది. ఒక నర్సు వచ్చి వీపు నిమిరి "భయపడకురా బంగారం" అంది. వంటావిడ ఏడ్చేసింది. ఆమె ఒళ్ళు ఎవరైనా నిమిరి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

డాక్టరు వచ్చాడు. పట్టీ చూశాడు, చెయ్యి చూశాడు, మొహం వెలిగిపోయింది. "చెయ్యి! నిజం చెయ్యి! ఎన్నాళ్ళకి!" అన్నాడు. పెద్దాసుపత్రిలోంచి వెళ్ళిపోయిన చేతి డాక్టరు ఆయనే. అక్కడ కత్తి లేదు, దూది లేదు, ఆర్నెల్లు జీతం లేదు. ఇక్కడ అన్నీ ఉన్నాయి, చేతులు తప్ప.

"మీరు మనుషుల డాక్టరే కదా బాబూ, నేను మనిషినని రాసేస్తారా?" అని భయపడింది వంటావిడ.

"రాస్తే ఆపరేషన్ ఆగిపోతుందమ్మా. నువ్వు నోరు మెదపకు. నేనూ మెదపను. ఇద్దరం మనుషులమని ఎవరికీ తెలియనివ్వొద్దు."

ఆపరేషన్ దివ్యంగా జరిగింది. ఇంటికి పంపేటప్పుడు జాగ్రత్తలు చెప్పారు. పని చేయించరాదు. దాని మీద అరవరాదు. మెత్తటి పరుపు మీద పడుకోబెట్టాలి. యజమానులే తమ చేత్తో తినిపించాలి. నిర్లక్ష్యం చేస్తే కంపెనీ ఖర్చంతా వెనక్కి కక్కిస్తుంది. రోజూ సాయంత్రం ఆ మంచి గొంతు ఫోన్ చేసేది. "అది తిన్నదా మేడమ్? మీ చేత్తోనే పెట్టారా?" అమ్మగారు పళ్ళు బిగించి "పెట్టానండీ" అనేవారు. నిజంగానే పెట్టేవారు. సంభాషణ రికార్డవుతుంది కదా. వంటావిడ సోఫాలో ఒక చివర, దొర ఇంకో చివర. సూప్ వండింది అయ్యగారు. "ఉప్పు తక్కువైంది బాబూ" అంది వంటావిడ. అరవడానికి వీల్లేక అయ్యగారు ఉప్పు తెచ్చారు.

కుట్లు విప్పారు. రెండు వేళ్ళూ మడత పడ్డాయి. వంటావిడ ఆ రోజంతా చెయ్యి మూసి తెరిచి, మూసి తెరిచి చూసుకుంది. పిడికిలి బిగుస్తోంది. బాగా బిగుస్తోంది. అయ్యగారు దాని వంక చూసి ఎందుకో వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఇంక ఆమె అడగాల్సింది అడిగింది. తన పేరున, మనిషిగా, ఒక కార్డు. అది వచ్చేదాకా వంటింట్లో అడుగు పెట్టనంది. "కుక్క వంట చేస్తోందని కంపెనీకి తెలిస్తే మీకే మాట" అని కూడా అంది. సొంత వంట తిని తిని చిక్కిపోయిన అయ్యగారు ఏజెంటుని పిలిచారు. అతను వివరాలు కొట్టాడు. జవాబు వెంటనే వచ్చింది. "ఈ వ్యక్తి కుడి చెయ్యి మా రికార్డులో కుక్క కాలుగా ఉన్నది. కుక్క కాలు కలిగిన మనుషులకు పాలసీ ఇవ్వబడదు."

"పోనీ ఇప్పుడున్న సర్వస్వంలోనే కొనసాగమ్మా, దాన్ని మించింది మనుషుల్లో లేదు" అన్నాడు ఏజెంటు. చిత్రమేమిటంటే, ఆ ఉద్యోగంలో అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అదే.

అయితే దొర గతేమిటి? వాడి కార్డులో వంటావిడ చేరిపోయింది. పన్ను ఇంకా కదులుతోంది. అమ్మగారి గోల భరించలేక ఏజెంటు మనుషుల విభాగంలో ప్రయత్నించాడు. పేరు దొర, వయసు నాలుగేళ్ళు, తండ్రి అయ్యగారు, సిగరెట్టు తాగడు, మందు ముట్టడు, పాత జబ్బుల్లేవు. ఇంత మంచి మనిషి చాలాకాలంగా తగలలేదని కంపెనీ ఎగిరి గంతేసింది. ఫోటో ఎవరూ చూడలేదు. మనుషుల విభాగంలో ఫోటో చూసే అలవాటు లేదు.

అలా దొర మనిషిగా మనుషుల ఆసుపత్రికి బయల్దేరాడు. ఈసారి కారు రాలేదు. అమ్మగారికి జనంలో ఊపిరాడదు, అయ్యగారికి నడుము. గొలుసు పట్టుకుని తీసుకెళ్ళింది వంటావిడే, నయమైన కుడి చేత్తో. కిటికీ వెనక మనిషి తల ఎత్తకుండానే కార్డు తీసుకున్నాడు. తల ఎత్తకుండానే "టోకెన్ తీసుకుని కూర్చోండి" అన్నాడు. కూర్చోవడానికి బెంచీ ఉంది, చోటు లేదు. నెత్తిన ఫ్యాను ఉంది, తిరగదు. తలుపు మీద డాక్టరు పేరుంది, లోపల డాక్టరు లేడు. విరిగిన కాలు పట్టుకుని ఒకడు, మూసుకుపోయిన కన్నుతో ఒక ముసలమ్మ, ఒళ్ళు కాలుతున్న పిల్లని భుజాన వేసుకుని ఒక తల్లి, గోడ పొడుగునా జనం. ఎవరూ మాట్లాడటం లేదు. అందరూ టోకెన్ల వంక చూసుకుంటున్నారు.

దొర కాసేపు ఓపిక పట్టాడు. ఎంతైనా కొత్తగా మనిషైనవాడు. తర్వాత లేచాడు. మూసిన తలుపు ముందుకి వెళ్ళి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, మొరిగాడు. గోడలు అదిరేలా మొరిగాడు. కిటికీ వెనక మనిషి మొదటిసారి తల ఎత్తాడు. ఎక్కడినుంచో ఒక నర్సు పరుగెత్తుకొచ్చింది. ఎక్కడినుంచో డాక్టరు కూడా పుట్టుకొచ్చాడు. "ఎవరండీ దొర? ముందు దొరని లోపలికి పంపండి!"

తలుపు తెరుచుకుంది. వంటావిడ గొలుసు పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, వరసంతా ఒకసారి కలయజూసింది.

"వీడికి మాటలు రావు, మొరిగాడు. మీకు మాటలొచ్చు కదా, ఏమైంది?"

పిల్లని ఎత్తుకున్న తల్లి ఏదో అనబోయింది గాని, పక్కనున్నాయన "ష్" అన్నాడు. తన నంబరు దగ్గరపడిందట.

ఆ పక్కనున్నాయన ఎవరో మీకు చెప్పనక్కర్లేదు. ఇది చదువుతూ ఇంతసేపూ ఆ ఇంటివాళ్ళని చూసి నవ్వారు కదా. నవ్వు ఆపి, చేతిలో టోకెను జాగ్రత్తగా పట్టుకోండి. పిలుస్తారు.